‘లేదు’ అనడం నేర్చిన సైటు

బొయొలాలి కొండవాలులో పాలు పోసే జనంలో ముర్వాని ముఖం తెలియని వాళ్లుంటారేమో గానీ, ఆవిడ గొంతు తెలియని వాళ్లుండరు. పెళ్లిళ్లలో గామెలాన్ అనే కంచు మేళం మోగుతుంటే మధ్యలో కూర్చుని పాడే గాయని, అంటే సిందెన్, ఆవిడే. పాలకేంద్రంలో కంప్యూటరు మొరాయిస్తే తెల్లారకుండానే ఫోనెత్తి "ఏమైందమ్మా?" అని అడిగేదీ ఆవిడే. పాట తల్లి దగ్గర నేర్చుకుంది. ఫోను మాత్రం ఎవరూ అడక్కుండానే నెత్తినేసుకున్న చాకిరీ.

ఆ చాకిరీ కథ ఇది. పెరాహన్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. ఎవరు ఎన్ని పాలు పోశారు, పాలు చిక్కగా ఉన్నాయా పలచగా ఉన్నాయా, ట్యాంకు ఎంత చల్లగా ఉంది, ఇవన్నీ అది చూసుకుంటుంది. సలతిగలో ఉండే దనుర్ అనే కుర్రాడు రాశాడు. ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకోవచ్చు, బాగుచేసుకోవచ్చు. వాడకం ఎలాగో చెప్పే వెబ్‌సైటు మాత్రం పూర్తిగా ముర్వాని పుణ్యమే. సహకార సంఘం ఆఫీసులో ఉద్యోగం చేస్తూనే సాయంత్రాలు కూర్చుని, పాలకేంద్రాలు తిరిగి, మీటలు తానే నొక్కి చూసి, ఒక్కో పేజీ రాసింది. అలాంటి ఓపిక అందరికీ ఉండదు. నాకైతే అసలు లేదు.

ఇంత రాసినా ఫోను ఆగితేనా! రోజూ పొద్దున్నే మొదటి ఫోను కొండకు అవతలి వైపు పల్లె నుంచి సుమిరాహ్ చేసేది. అక్కడి పాలకేంద్రం ఆమె చేతిలో ఉంది. ముర్వాని ఆమెను ఎప్పుడూ చూడలేదు, గొంతు మాత్రం సొంత చెల్లెలి గొంతులా గుర్తుపడుతుంది. మావైపు పెద్దావిడను ‘బు’ అని పిలుస్తారు.

"బు ముర్వాని, నిద్ర బాగా పట్టిందాండీ?"

"పట్టిందమ్మా. మీ ఆవు ఈనిందా?"

"ఈనిందండీ, పెయ్యదూడ. అన్నట్టు మీ సైటు ఎంత బాగుందనుకున్నారు! మావాళ్లందరికీ తెరిచి చూపించాను."

"అలాగా, సంతోషం. మరి ఫోనెందుకు చేశారు?"

"అబ్బే, ఊరికేనండీ. ఈ చిక్కదనం చూసే యంత్రం పొద్దుట్నుంచీ అంకె చూపించట్లేదు. సైట్లో ఉండే ఉంటుంది లెండి. మీ నోట వింటే తృప్తిగా ఉంటుందని..."

వెనకాల పాల క్యాన్ల చప్పుడు, లారీ హారను వినిపిస్తుంటాయి. తృప్తి కోసం ఫోను చేసిన మనిషి గొంతు వణుకుతూ ఉంటుంది. ముర్వాని వివరంగా, నిదానంగా, రెండుసార్లు చెప్పేది. ఈ ఫోను పెట్టేలోగా ఇంకో కేంద్రం. ఆ తర్వాత ఇంకోటి. అందరూ ముందు సైటును పొగిడేవాళ్లే, ఆ తర్వాత తమ గోడు వెళ్లబోసుకునేవాళ్లే.

మూడేళ్లు తిరిగేసరికి గొంతు బొంగురుపోయింది. అల్లం, తాటిబెల్లం, తమలపాకు, ఎవరేం చెబితే అది మింగింది. లాభం లేక సోలో పట్నం వెళ్లి డాక్టరుకు చూపించుకుంది.

డాక్టరమ్మ గొంతులోకి కెమెరా పంపించి చూసింది. "పలుగు పట్టిన చేతికి కాయలు కాస్తాయి కదా, మీ గొంతు తీగలకు అలాగే కాశాయి. రోజంతా ఎవరితో మాట్లాడతారు?"

"పాలవాళ్లతో."

"మానెయ్యండి. మానకపోతే కోసి తియ్యాల్సి వస్తుంది. తీశాక మాట వస్తుంది గానీ, పై స్వరాలు అందుతాయని మాత్రం నేను మాటివ్వలేను."

పై స్వరం అందని సిందెన్‌కి గామెలాన్‌లో చోటు లేదు. కంచు ఎవరికోసమూ శ్రుతి దించదు. పోతపోసిన నాడు ఎంత ఎత్తున మోగిందో తరాలు మారినా అంతే ఎత్తున మోగుతుంది. అందుకున్న గొంతు మధ్యలో కూర్చుంటుంది, అందుకోలేనిది ఇంటికి పోతుంది. ముర్వాని తల్లి చివరి ఏడాది వరకూ ఆ మధ్యలోనే కూర్చుంది. ఆ చోటు తన చేతులారా పోగొట్టుకోవడమంటే ఆవిడకు బతుకు సగం పోయినట్టే.

ఫోను ఆపేస్తే సరిపోయేదిగా అంటారు. మా కొండవైపు జనానికి ఆ మాట చెప్పి చూడండి. ఎవరైనా పిలిస్తే పలక్కపోవడం, అడిగితే కాదనడం మా రక్తంలో లేవు. ముర్వానికి అసలే లేవు. ఆవిడ భర్త విరాద్యొ చూసి చూసి ఒకరోజు ఫోను తీసి బియ్యం డబ్బాలో దాచాడు. బియ్యం డబ్బా మోగింది. ముర్వాని బియ్యంలో చెయ్యి పెట్టి మరీ మాట్లాడింది.

"నీకు గొంతు కావాలా, పాలవాళ్లు కావాలా?" అని ఆయన అరిచాడు.

"ఎత్తకపోతే ఏమనుకుంటారండీ, పాపం? పాలు విరిగిపోవూ?" అంది ఆవిడ, బొంగురు గొంతుతోనే.

చివరికి ఒక్కటే దారి కనిపించింది. జనం తనను అడిగేవి సైటే చెప్పాలి. సైట్లో పేజీలున్నాయి, వాటిని వెతికిపెట్టే సెర్చ్ మాత్రం గుడ్డిది. సైటు కట్టినప్పుడు దానితో పాటు ఊరికే వచ్చింది, పేజీ పైనున్న శీర్షిక తప్ప లోపలున్నది దానికి కనిపించదు. మంచి సెర్చ్ ఇంజిన్ ఒకటి ఎంచుకుని పెడితే ఫోన్లు తగ్గుతాయి. ఫోన్లు తగ్గితే గొంతు మిగులుతుంది. ముర్వాని దనుర్‌కి ఇదంతా చెప్పింది. దనుర్ మొండివాడే గానీ మనసున్నవాడు. "బు, మీ గొంతు కోసమైనా ఈ నెల వేరే పని ముట్టుకోను" అన్నాడు, అన్నట్టే కూర్చున్నాడు.

వెతగ్గా మూడు తేలాయి. ఒకటి సొంత సర్వరు మీద నడిపించుకోవాల్సిన భారీ ఇంజిన్. "దీన్ని మేపడానికి వేరే మనిషిని పెట్టాలి" అని దనుర్ మొదట్లోనే దాన్ని పక్కన పెట్టేశాడు. రెండోది ఏదో కంపెనీది, ఇలా ఉచితంగా పనిచేసే ప్రాజెక్టులకు ఊరికే ఇస్తారు. మహా తెలివైనది. అడిగిన మాట పేజీల్లో లేకపోయినా భావం పట్టుకుని, దగ్గర దగ్గరగా ఉన్నవన్నీ తెచ్చి ముందు పెడుతుంది. ఖాళీ చేతులతో తిరిగిరావడం దానికి తెలియదు. మూడోది చిన్నది. పేజీలతో పాటే తయారై సైట్లోనే ఓ మూల కూర్చుంటుంది. అడిగిన మాటలు ఉంటే చూపిస్తుంది, లేకపోతే లేదంటుంది. అంతకు మించి తెలివితేటలు లేవు.

ఏది మంచిదో తేల్చడానికి దనుర్ తన ఇంటి వసారాలో పరీక్ష పెట్టాడు. పాలకేంద్రాల వాళ్లను కొందరిని పిలిచాడు. చాపలు పరిచారు. తియ్యటి టీ, వేడి వేడి సోయా టెంపె వేపుడు, ఉడికించిన వేరుశెనక్కాయలు పెట్టారు. రెండు కంప్యూటర్లలో రెండు సెర్చ్‌లు తెరిచి, "మీకు ఏది కావాలంటే అది అడగండి, ఏది బాగా చెబుతుందో చూద్దాం" అన్నాడు.

ఇదిగో, ఇక్కడే కొంప మునిగింది. ప్రపంచంలో ఇంకెవరూ చెయ్యని తప్పు మావాళ్లే చేశారు. వచ్చినవాళ్లంతా ముందురోజు ఇంట్లో కూర్చుని సైటంతా చదివి, అందులో కచ్చితంగా ఉన్నవేమిటో చూసుకుని వచ్చారు! పిలిచి టీ ఇచ్చిన ఇంట్లో, లేనిది అడిగి, ఆ యంత్రం నోరు వెళ్లబెడితే దనుర్ తల ఎక్కడ పెట్టుకుంటాడు? ముర్వాని ఏమనుకుంటుంది? కాబట్టి ఒక్కొక్కరూ ముందుకొచ్చి పేజీల మీదున్న శీర్షికల్నే పొల్లు పోకుండా కొట్టారు. రెండు ఇంజిన్లూ టకటకా చూపించాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

"బ్రహ్మాండం! అడిగిందే తడవు!"

"ఏది మేలంటారు?" అని దనుర్ అడిగాడు.

"మీకేది నచ్చితే మాకూ అదే, మస్." మస్ అంటే మావైపు కుర్రాళ్లను మర్యాదగా పిలిచే మాట.

"అభ్యంతరం ఎవరికైనా..."

"ఎంతమాట! ఉంటే చెప్పమూ!"

అందరి ఏకాభిప్రాయంతో తెలివైనదాన్ని పెట్టారు. ముర్వాని ఇంటికెళ్లి ఫోను బల్లమీద పెట్టి, ఇక మోగదన్న ధైర్యంతో నిద్రపోయింది. పొద్దున్నే మోగింది. సుమిరాహ్.

"బు, కొత్త సెర్చ్ ఎంత బాగుందండీ! కళ్లు తిరిగిపోయాయనుకోండి. అన్నట్టు, ఓ చిన్న మాట..."

ఆ వారం ఫోన్లు తగ్గకపోగా పెరిగాయి. అందరూ సెర్చ్‌ను ఆకాశానికి ఎత్తేవాళ్లే. ఇంత మంచి సెర్చ్ పెట్టినా జనం ఎందుకు ఫోన్ చేస్తున్నారో ముర్వానికి అంతుపట్టలేదు. తాను రాసిన పేజీలే బాగాలేవేమోనని లోపల్లోపల కుమిలింది. డాక్టరమ్మ ఈసారి కోప్పడి, కొన్నాళ్లు పూర్తిగా నోరు మూసుకోమంది. కాపలాకి నోటికి మాస్క్ కూడా పెట్టించింది. ఫోను విరాద్యొ చేతికి వెళ్లిపోయింది. "ఆవిడకు ఒంట్లో బాగాలేదు" అని ఆయన చెప్పిన ప్రతిసారీ, "అయ్యో, అలాగా, మళ్లీ చేస్తాం లెండి" అనేవాళ్లు, అన్నట్టే మళ్లీ చేసేవాళ్లు.

ఆ మౌనవ్రతంలోనే కొండ అవతల చుట్టాలింట్లో పెళ్లి వచ్చింది. పెళ్లి వంటకు ఊళ్లో ఆడవాళ్లంతా చెయ్యి వెయ్యాల్సిందే. గొంతు పోయినా చేతులున్నాయి కదా అని ముర్వాని కూడా వెళ్లి, పాత గుడ్డ తలకు చుట్టుకుని, మాస్క్‌తో ఉల్లిపాయల బుట్ట ముందు కూర్చుంది. పక్కనే ఓ బొద్దుగా ఉన్నామె కత్తిపీట దగ్గర జోరుమీదుంది. నోరు తెరిచిందో లేదో ముర్వాని గుర్తుపట్టేసింది. ఆ గొంతు సుమిరాహ్‌ది.

"ఏమే, ఆ సైటుకి కొత్త సెర్చ్ పెట్టారు కదా, చూశావా?" అని ఎదురుగా కొబ్బరి తురుముతున్న ఇంకొకామె అడిగింది.

"చూశాను తల్లీ, కళ్లారా చూశాను. ట్యాంకు చల్లబడట్లేదురా నాయనా, ఏం చెయ్యనని అడిగితే, ఇన్ని పేజీలు తెచ్చి ముందు కుమ్మరించింది. ట్యాంకు కడగడం ఎలా, ట్యాంకు కొనడం ఎలా, ట్యాంకుకి నంబరెయ్యడం ఎలా! ఒక్కోటీ విప్పి చదివేసరికి నా పాలు పెరుగయ్యేలా ఉన్నాయి."

వంటచావడి అంతా గొల్లుమంది.

"మరి బు ముర్వానికి చెప్పలేదా?"

"ఎలా చెప్తానే! అన్ని పేజీలు రాసింది మహాతల్లి. నీ సైటు నాకు పనికిరాలేదు అని ఏ మొహం పెట్టుకుని అంటాను? సైటు బ్రహ్మాండం అని ఓ మాట అనేసి, అసలు సంగతి అడిగేస్తాను."

"నేనూ అంతే చేస్తాను."

"అందరం అంతేగా!" అంది సుమిరాహ్. "ఆ సెర్చ్ అచ్చం మా మామగారే అనుకో. దారి అడిగితే చచ్చినా తెలియదనడు. ఏదో ఓ వైపు చెయ్యి చూపిస్తాడు. ఆయన చూపించిన దారిన పోయి మా తమ్ముడు పొరుగు జిల్లాలో తేలాడు. తెలియదు నాయనా అని ఒక్క ముక్క అంటే ఆయన సొమ్మేం పోయింది? ఇంకొకర్ని అడుక్కుంటాం కదా!"

మళ్లీ నవ్వులు. ముర్వానికి ముందు కోపం వచ్చింది. ఇన్నాళ్లూ నా గొంతు కోసింది మీ మర్యాదే కదా అని లేచి అరవాలనిపించింది. అరవడానికి గొంతేదీ? తర్వాత సిగ్గేసింది. పొద్దున్నే ఫోను చెయ్యొద్దమ్మా, నా గొంతు పోతోంది అని తాను మాత్రం ఒక్కరికైనా ఒక్కసారైనా చెప్పిందా? చివరికి ఆ మామగారి ముచ్చట తలుచుకుని నవ్వు ఆగలేదు. మాస్క్ వెనక కిసుక్కుమంది.

సుమిరాహ్ తిరిగి చూసింది. "అయ్యో, ఉల్లిపాయ ఘాటు! కళ్లు ఎలా కారిపోతున్నాయో చూడు ఈవిడకి. ఇటివ్వమ్మా, నేను తరుగుతాను."

మర్నాడు ముర్వాని సలతిగ వెళ్లి, అన్నాళ్లుగా దాచుకున్న గొంతంతా దనుర్ మీదే ఖర్చుపెట్టింది.

"మస్, నాకు లేదని చెప్పే సెర్చ్ కావాలి."

"లేదని చెప్పేదా?" దనుర్ టీ గ్లాసు కింద పెట్టాడు. "గుమ్మంలోకొచ్చిన మనిషిని లేదు పొమ్మంటామా బు?"

"ఉంటే ఇద్దాం. లేకపోతే లేదందాం. లేనిది ఉన్నట్టు ఊరంతా తిప్పడం ఏం మర్యాద?" అని, వంటచావడిలో విన్నదంతా పూస గుచ్చినట్టు చెప్పింది.

దనుర్ నొచ్చుకున్నాడు. అయినా కంప్యూటరు తెరిచి, ఆ ఇంజిన్‌ను జనం ఏమేం అడిగారో, అది ఏమేం చూపించిందో వరసగా చూశాడు. చూసే కొద్దీ ముఖం మారింది. ఎవరికీ ఏదీ దొరకనట్టు ఒక్క చోట కూడా లేదు. దాని లెక్కలో అందరికీ అన్నీ దొరికేశాయి. జనం మాత్రం ఆ పేజీలు తెరవడం, మూసేయడం, మళ్లీ అడగడం, వెళ్లిపోవడం.

"ఆ రోజు మా వసారాలో మనం ఇంజిన్లను పరీక్షించలేదు బు" అన్నాడు. "వచ్చినవాళ్ల మర్యాదను పరీక్షించాం. అందరూ పాసయ్యారు."

ఆ ముక్క అన్నందుకు ముర్వాని అతన్ని ఇప్పటికీ మెచ్చుకుంటుంది. తప్పు తనదని తెలిశాక దనుర్ నాన్చే రకం కాదు. అయినా ఇంకో భయం పట్టుకుంది. "వచ్చే నెల పాల సంఘాల పెద్దలు సైటు చూడ్డానికొస్తున్నారు. ఏది అడిగినా లేదు, లేదు అని కనిపిస్తే మన పరువేం కాను?"

"నా గొంతు పోయాక నీ పరువొచ్చి పాడుతుందా?" అంది ముర్వాని.

దనుర్ ఆ సాయంత్రమే చిన్న ఇంజిన్ పెట్టడం మొదలుపెట్టాడు. అడిగిన మాటలన్నీ ఉన్న పేజీ ఉంటేనే చూపించేలా, లేకపోతే లేదని చెప్పి, ఏం అడిగారో రాసిపెట్టుకునేలా బిగించాడు. లేదు అని చెప్పే పేజీ మాత్రం అతని ప్రాణం మీదికొచ్చింది. ఎంతో వినయంగా, క్షమాపణలు వేడుకుంటూ, అంత పొడుగు రాశాడు. మొదటిరోజు దాన్ని చూసినవాళ్లు అదే జవాబనుకుని చివరిదాకా చదివి, మీటలు వెతుక్కున్నారట! ముర్వాని దాన్నంతా కొట్టేసి ఇలా పెట్టింది: "లేదు. దీని గురించి మేమింకా రాయలేదు. తప్పు మాది."

మర్నాటి నుంచీ ఖాళీలు, అంటే జవాబు దొరకని ప్రశ్నలు, వరదలా వచ్చిపడ్డాయి. ట్యాంకు చెమట పడుతోంది. ముల్లు అబద్ధమాడుతోంది. నిన్నటి పాలు నేటివంటోంది. జనం తమలో తాము మాట్లాడుకునే మాటలు, ముర్వానితో ఫోనులో ఎన్నడూ అనని మాటలు. కొన్నింటికి పేజీలున్నాయి గానీ ఆ మాటలు లేవు. కొన్నింటికి అసలు పేజీలే లేవు. ఇన్నాళ్లూ అందరికీ అన్నీ రాసేశానని అనుకున్న మనిషికి అది ఎంత దెబ్బో ఆలోచించండి. ఇంకొకరైతే ఆ ఇంజిన్‌ను తీసి అవతల పారేసేవాళ్లు. ఆవిడ కొంగు బిగించింది. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే ఆ రోజు ఖాళీలు చూడటం, వాళ్ల మాటల్లోనే పేజీ రాయడం, ఉన్న పేజీల్లో ఆ మాటలు చేర్చడం. నోటితో పని లేకుండా చేసే చాకిరీ కాబట్టి విరాద్యొ కూడా ఏమీ అనలేదు. పైగా టీ పెట్టి ఇచ్చేవాడు.

సంఘాల పెద్దలు వచ్చారు, చూశారు, రెండుసార్లు లేదనిపించుకున్నారు, ముఖాలు చిట్లించుకుని వెళ్లారు. దనుర్‌కి ఆ రాత్రి అన్నం సయించలేదట. తర్వాత వాళ్లు అడిగిన రెండింటికీ పేజీలు రాశారనుకోండి, అది వేరే సంగతి.

డాక్టరమ్మ కొంచెం కొంచెంగా మాట్లాడొచ్చని అనుమతిచ్చిన వారంలోనే సుమిరాహ్ ఫోను చేసింది. ఈసారి నిద్ర పట్టిందా అని అడగలేదు.

"బు! ఏంటండీ ఇది! మీ సైటు నన్ను పట్టుకుని లేదు పొమ్మంది!"

"ఏం అడిగారు?"

"ట్యాంకు ఆగి ఆగి తిరుగుతోంది, ఏం చెయ్యాలని. మొహం మీద తలుపేసినట్టు లేదనేస్తే ఎలాగండీ? ఇంత పొగరా!"

ముర్వానికి ఆ తిట్టు వింటుంటే కడుపు నిండిపోయింది. "రేపటికి ఉంటుందమ్మా" అని ఫోను పెట్టేసి, పరిచయమున్న మెకానిక్ దగ్గరికి పరుగెత్తింది. మర్నాటికి పేజీ సిద్ధం. దాని కింద అభిప్రాయం రాసే చోట సుమిరాహ్ రాసింది: "దొరికింది. కానీ మధ్యలో చెప్పిన మీట మా యంత్రంలో ఎడమవైపు ఉంటుంది, కుడివైపు కాదు. తప్పు రాశారు." ముర్వాని దాన్ని ఫొటో తీసి, బంగారు పతకం వచ్చినట్టు దనుర్‌కి పంపించింది.

ఆ తర్వాత ఫోన్లు పలచబడ్డాయి. కొన్ని పొద్దుల్లో అసలు మోగేది కాదు. పాడైందేమోనని ముర్వాని తీసి చూసుకునేది. నిజం చెప్పాలంటే కొంచెం వెలితిగా కూడా ఉండేది. ఎవరి ఆవు ఈనిందో ఇప్పుడెవరు చెబుతారు?

డాక్టరమ్మ మళ్లీ కెమెరా పెట్టి చూసి, కాయలు కరిగిపోయాయని, కోత అక్కర్లేదని చెప్పింది. "పాట సంగతి మాత్రం మీరే తేల్చుకోవాలి" అంది.

ఆదివారం మధ్యాహ్నం హర్జొనో ఇంటి మంటపంలో సాధన. హర్జొనో విల్లుతో పలికించే రెబాబ్ అనే తంత్రీవాద్యం వాయిస్తాడు, ఆ బృందానికి పెద్ద, అందరికీ ‘పాక్’, అంటే అయ్యగారు. ముర్వాని తల్లి పక్కన కూడా వాయించిన చెయ్యి అది. అన్నాళ్ల తర్వాత ముర్వాని మధ్యలో కూర్చుని, వెన్ను నిలబెట్టి పాడింది. పాట అయ్యాక అందరూ ఒక్క గొంతుతో అన్నారు, "తేనె! అదే తేనె! ఏమీ మారలేదు."

ముర్వాని నవ్వలేదు. వాళ్ల ముఖాల వంక చూసింది. ఆ మాట ఆవిడకు బాగా తెలుసు. ఏడాదిగా, బహుశా అంతకుముందు నుంచీ, ప్రతి కచేరీ తర్వాతా ఇదే మాట విన్నది.

"పాక్ హర్జొనో, ఒక్క మాట అడుగుతాను. నిజం చెప్పండి. పై స్వరం అందిందా?"

హర్జొనో రెబాబ్ విల్లుకు లేని దుమ్ము తుడిచాడు. "బాగా పాడావమ్మా..."

"బాగా పాడానా అని అడగలేదు. అందిందా?"

"టీ తాగుదాం, చల్లారిపోతోంది."

"పాక్, మీ కాళ్లు పట్టుకుంటాను. అందిందా?"

గాంగు కంచుగంట దగ్గర కూర్చున్నాయన తల దించుకున్నాడు. హర్జొనో సిగరెట్టు వెలిగించబోయి, మానేసి, కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"లేదమ్మా" అన్నాడు. "అందలేదు. ఇవాళ కాదు, రెండేళ్ల నుంచీ అందట్లేదు. నువ్వు అక్కడికి రాగానే మేమే గట్టిగా వాయించి కప్పేస్తున్నాం."

ముర్వాని ఏడ్చింది. చిన్నపిల్లలా, అందరి ముందూ, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. రెండేళ్లు! పొగిడి పొగిడి రెండేళ్లు! ఎవరూ దగ్గరికి రాలేదు, ఓదార్చలేదు. ఏం చెప్పి ఓదారుస్తారు? కాసేపటికి ఆవిడే ముఖం తుడుచుకుని, చల్లారిన టీ తాగి, జరిగి హర్జొనోకు ఎదురుగా కూర్చుంది.

"ఎక్కడ తెగుతోందో అక్కడి నుంచి వాయించండి. కప్పొద్దు."

ఆయన వాయించాడు. గొంతు తెగింది. మళ్లీ వాయించాడు. మళ్లీ తెగింది. ప్రతిసారీ ఆయన తల అడ్డంగా ఊపాడు, మొదట్లో కష్టంగా, తర్వాత తర్వాత అలవాటుగా. ఆ ఆదివారం అలా గడిచింది, తర్వాతి ఆదివారాలూ అలాగే గడిచాయి. డాక్టరమ్మ చెప్పినంతసేపే పాడేది, మిగతా వారమంతా ఊపిరి సాధన చేసేది. మిగిలినవాళ్లు వాయిద్యాలు పక్కన పెట్టి, పల్లీలు వొలుచుకుంటూ వినేవాళ్లు. తేనె అన్న మాట మళ్లీ ఎవరి నోటా రాలేదు.

వానలు మొదలైన ఒక ఆదివారం ముర్వాని పాట ఎత్తుకుని, ఆ చోటుకు వచ్చి, దాటి వెళ్లింది. హర్జొనో విల్లు ఆపలేదు. పాట చివరిదాకా వాయించి, రెబాబ్ జాగ్రత్తగా చాప మీద పెట్టాడు. ముర్వాని ఆయన ముఖం వంకే చూస్తూ కూర్చుంది.

"అందింది" అన్నాడాయన.

ఇన్నేళ్లలో పాట గురించి ఆవిడ నమ్మిన మొదటి మెచ్చుకోలు అదే.